ఎస్‌ఈఓ ఎక్కడ నేర్చుకోవాలి, ఎవర్ని నమ్మాలి: బరంపురం నుంచి జయపురం దాకా మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ ఊళ్ళలో డిగ్రీ చదివే మన తెలుగు పిల్లలు, చిన్న వ్యాపారాలు నడిపేవాళ్ళు ఎస్‌ఈఓ (సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్) గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి మాట నమ్మాలి, ఫీజు కట్టొచ్చా లేదా. ఫోన్లో చెప్పింది సగం మర్చిపోతారు, మళ్ళీ అదే సందేహం వస్తుంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి. ముందున్నవి చదవకపోయినా ఇబ్బంది లేదు.

## మొదలుపెట్టే ముందు

అసలు ఎస్‌ఈఓ అంటే ఏంటి? ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక మనిషి గూగుల్లో ఏదో వెతుకుతాడు. దానికి జవాబు మీ పేజీలో ఉంటే, ఆ పేజీ అతనికి కనబడేలా చేసే పనే ఎస్‌ఈఓ. ఇందులో మూడు దశలుంటాయి. గూగుల్ యంత్రం మీ పేజీ దగ్గరికి రావాలి, అందులో ఏముందో అర్థం చేసుకుని దాచుకోవాలి, ఎవరైనా వెతికినప్పుడు తీసి చూపించాలి. మొదటిది క్రాలింగ్, రెండోది ఇండెక్సింగ్, మూడోది చూపించడం. ప్రకటనలతో దీనికి సంబంధం లేదు. పైకి తీసుకురావడానికి గానీ, ఎక్కువసార్లు క్రాల్ చేయడానికి గానీ డబ్బు తీసుకోమని గూగుల్ స్పష్టంగా రాసి పెట్టింది.

కోడింగ్ రావాలా? నాది ఒడియా మీడియం బీఏ.

అవసరం లేదు. హెచ్‌టీఎంఎల్‌లో టైటిల్, హెడ్డింగ్, లింక్, ఫోటో వివరణ ఎలా రాస్తారో తెలిస్తే మొదట్లో చాలు. అది వారం పది రోజుల పని. చదివేవాడికి ఏం కావాలో ఊహించి సూటిగా రాయగలగడం దానికంటే ముఖ్యం, అది బీఏ వాళ్ళకీ బాగానే వస్తుంది.

ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు. ఈ విషయంలో ఇంత గందరగోళం ఎందుకు?

దీనికి కారణాలు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

మొదటిది, పేజీలను ఏ లెక్కన పైకీ కిందికీ పెడుతుందో గూగుల్ పూర్తిగా బయటపెట్టదు. తెలియని చోట ఊహలు పుడతాయి. ఆ ఊహల్లో కొన్ని బాగా పరీక్షించి చెప్పినవి, చాలావరకు ఎక్కడో విన్నవి.

రెండోది, పాత సలహాకి చావు లేదు. పేజీ ఏ మాటలకి సంబంధించిందో కోడ్‌లో రాసే కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ని ర్యాంకింగ్ కోసం వాడట్లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇప్పటికీ కోచింగ్ నోట్సుల్లో అది మొదటి పాఠంగా కనబడుతుంది. పసలేని పేజీలు గుట్టలుగా పెట్టే సైట్లని 2011లో గూగుల్ తెచ్చిన పాండా అప్‌డేట్ దెబ్బతీసింది, కొన్న లింకులతో పైకొచ్చిన సైట్లని 2012లో పెంగ్విన్ దించేసింది. అంతకుముందు రాసిన 'చిట్కాలు' మాత్రం ఇంటర్నెట్‌లో అలాగే పడి ఉన్నాయి. ఈమధ్య సంగతీ అంతే. పేజీ స్పందన వేగం కొలవడానికి ఎఫ్‌ఐడీ అనే కొలత ఉండేది. 2024 మార్చిలో దాని స్థానంలో ఐఎన్‌పీ వచ్చింది. ఎఫ్‌ఐడీ గురించి మాత్రమే చెప్పే పాఠం చూస్తే అది ఎప్పటిదో మీకే తెలిసిపోతుంది.

మూడోది అమ్మకం. సలహా ఇచ్చేవాళ్ళలో చాలామంది టూలో, కోర్సో, లింకుల ప్యాకేజీయో అమ్ముతుంటారు. అమ్మడం తప్పేమీ కాదు. కానీ వాళ్ళు చెప్పే ప్రతి సమస్యకీ మందు వాళ్ళ దగ్గరే దొరుకుతుంటే మీరు ఆగి ఆలోచించాలి.

ఎవరు చెప్పింది నమ్మాలో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా?

ఉంది, అది నేర్చుకుంటే మిగతాదంతా మెల్లగా వస్తుంది. మనిషిని బట్టి కాకుండా మాటను బట్టి నమ్మండి. ఎవరైనా ఒక మాట చెప్పగానే, ఇది మీకెలా తెలుసు అని అడగండి. గూగుల్ పత్రంలో ఉందంటే ఆ పేజీ చూపించాలి. సొంతంగా పరీక్షించానంటే ఏ సైట్ మీద, ఎప్పుడు, ఏం మార్చి చూశారో చెప్పాలి. అందరూ అంటున్నారంటే, ఆ మాట పక్కన పెట్టేయండి.

ఉదాహరణకి, ఆర్టికల్ కనీసం 2000 పదాలు ఉండాలని చాలామంది చెప్తారు. కొత్తవాళ్ళ కోసం గూగుల్ రాసిన స్టార్టర్ గైడ్ తీసి చూస్తే, పేజీ పొడవుకి కనీసం గానీ గరిష్ఠం గానీ లెక్క ఏదీ లేదని రాసి ఉంటుంది. ఇక ఆ గైడ్ కూడా చెప్పని సంగతులుంటాయి. ఈ రెండు టైటిల్స్‌లో మన కస్టమర్ దేన్ని నొక్కుతాడు అన్న ప్రశ్నకి ఏ గైడూ జవాబు చెప్పదు. అలాంటివి సొంత సైట్‌లో మార్చి, సెర్చ్ కన్సోల్‌లో (మీ సైట్ గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపించే గూగుల్ టూల్) అంకెలు చూసి తేల్చుకోవాలి.

తేదీ చూడటం మర్చిపోకండి. టైటిల్‌లో కొత్త సంవత్సరం వేసి లోపల పాత సరుకే పెట్టే పేజీలు బోలెడు. లోపల చూపించిన స్క్రీన్‌షాట్లు, టూల్ పేర్లు నిజం చెప్తాయి. సెర్చ్ కన్సోల్‌ని వెబ్‌మాస్టర్ టూల్స్ అని పిలుస్తున్నారంటే ఆ పాఠం 2015 కంటే ముందుదైనా అయ్యుండాలి, దాన్నుంచి ఎత్తి రాసిందైనా అయ్యుండాలి.

## మొదటి మెట్టు: ఏం చదవాలి

పది లింకులు వద్దు. ఒక్క చోటు చెప్పండి, అక్కడే మొదలుపెడతా.

సైట్లు నడిపేవాళ్ళ కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ సెంట్రల్ సైట్‌లోని ఎస్‌ఈఓ స్టార్టర్ గైడ్. ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. 2008లో మొదటిసారి వచ్చింది, 2024లో దాన్ని బాగా కుదించి మళ్ళీ రాశారు. ఓపిగ్గా కూర్చుంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది.

అందులో నాకు బాగా నచ్చేది, దేని మీద సమయం వృథా చేయొద్దో చెప్పే భాగం. కీవర్డ్స్ మెటా ట్యాగ్, ఒకే మాటని పదే పదే కుక్కడం, డొమైన్ పేరులో కీవర్డ్, పదాల సంఖ్య, హెడ్డింగులు ఇన్నే ఉండాలనే లెక్క, ఇవన్నీ అక్కడ వరుసగా కనబడతాయి. కొత్తవాళ్ళు నెలల తరబడి కష్టపడేది సరిగ్గా వీటి మీదే. ఆ ఒక్క భాగం చదివితే పనికిరాని కోర్సులు ఏవో వాటంతట అవే తెలిసిపోతాయి.

తర్వాత అదే సైట్‌లో సెర్చ్ ఎసెన్షియల్స్ అనే ప్రాథమిక నియమాలు చదవండి. 2022 దాకా దాన్ని వెబ్‌మాస్టర్ గైడ్‌లైన్స్ అనేవారు. దానికి అనుబంధంగా ఉన్న స్పామ్ పాలసీలు తప్పనిసరి. ఏం చేస్తే సైట్ మునిగిపోతుందో అక్కడ పేరు పెట్టి రాశారు.

మా తమ్ముడు తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, ఇంగ్లీషు అంతంత మాత్రం. వాడికేం చూపించాలి?

మన జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో ఇదే పరిస్థితి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అలాంటివాళ్ళు హిందీ చదవగలిగితే దారి సులువు. గూగుల్ సెర్చ్ సెంట్రల్ పత్రాలు హిందీలో ఉన్నాయి, పేజీలో భాష మార్చుకుంటే చాలు. ఏదైనా వాక్యం అర్థం కాకపోతే అదే పేజీ ఇంగ్లీషులో తెరిచి పక్కపక్కన పెట్టుకోమనండి. ఇండెక్స్, క్రాల్, కనానికల్, రీడైరెక్ట్ లాంటి మాటల్ని ఇంగ్లీషు పేర్లతోనే గుర్తు పెట్టుకోవాలి. టూల్స్‌లో కనబడేవీ, ఇంటర్వ్యూలో అడిగేవీ అవే.

యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు చూస్తే చాలదా?

టూల్ ఎలా తెరవాలి, ఏ బటన్ ఎక్కడుంది అనేదానికి వీడియో చాలా బాగుంటుంది, మన భాషలో వింటే భయం పోతుంది. కానీ వీడియోలో తప్పు దొర్లితే దిద్దడం కష్టం, అలాగే ఏళ్ళ తరబడి తిరుగుతుంది. మంచి వీడియోకి ఒక గుర్తు, చెప్పేవాళ్ళు తమ సొంత సైట్ సెర్చ్ కన్సోల్ తెరిచి చూపిస్తారు, కింద అసలు పత్రం లింకు ఇస్తారు. 24 గంటల్లో ఫస్ట్ పేజీ, సీక్రెట్ ట్రిక్, ఫ్రీగా వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ సైట్‌కి వచ్చే లింకులు) లాంటి మాటలు కనబడితే ముందుకు వెళ్ళిపోండి. గూగుల్ వాళ్ళకే సెర్చ్ సెంట్రల్ పేరుతో యూట్యూబ్ ఛానల్ ఉంది. వాళ్ళ ఉద్యోగులు జాన్ ముల్లర్, మార్టిన్ స్ప్లిట్ లాంటివాళ్ళు అందులో ప్రశ్నలకి జవాబులు చెప్తారు.

గూగుల్ తన గుట్టు తానే చెప్తుందా? దాని మాట మాత్రం ఎందుకు నమ్మాలి?

చాలా మంచి ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. గూగుల్ పత్రాల్లో రెండు రకాల మాటలుంటాయి. ఒకటి నియమాలు, పద్ధతులు. ఈ ట్యాగ్ ఎలా రాయాలి, దేన్ని స్పామ్ అంటాం, పేజీని ఇండెక్స్‌లో పెట్టొద్దంటే ఏం చేయాలి. వీటిలో గూగుల్ మాటే ప్రమాణం, ఎందుకంటే అమలు చేసేది వాళ్ళే. రెండోది, ఏ అంశానికి ఎంత బరువు ఇస్తారన్నది. అది వాళ్ళు పైపైన చెప్తారు, కొంత దాస్తారు కూడా.

2023లో అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద నడిపిన గుత్తాధిపత్యం కేసులో నావ్‌బూస్ట్ అనే వ్యవస్థ గురించి గూగుల్ ఉన్నతోద్యోగే సాక్ష్యం చెప్పారు. జనం ఏ ఫలితాల మీద క్లిక్ చేశారన్న సమాచారాన్ని అది వాడుతుంది. 2024 మేలో సెర్చ్‌కి సంబంధించిన లోపలి సాంకేతిక పత్రాలు వేల పేజీలు బయటికొచ్చాయి. అవి తమవేనని గూగుల్ ఒప్పుకుంది, కానీ సందర్భం తెలియకుండా అర్థాలు తీయొద్దని కూడా చెప్పింది. ఆ పత్రాల్లో అంశాల పేర్లు ఉన్నాయి గానీ, దేనికి ఎంత విలువ ఇస్తారో లేదు.

కాబట్టి నియమాల కోసం గూగుల్ని నమ్మండి. బరువుల విషయంలో గూగుల్ మాటనీ, బయటి నిపుణుల మాటనీ రెండిటినీ అంచనాగానే తీసుకోండి.

గూగుల్ కాకుండా ఇంకెవర్ని చదవచ్చు?

బింగ్ వెబ్‌మాస్టర్ గైడ్‌లైన్స్ ఒకసారి చదవండి. రెండు సెర్చ్ ఇంజిన్లూ ఒకే మాట చెప్తున్నాయంటే అది గట్టి పునాది. ఎస్‌ఈఓ టూల్స్ కంపెనీ మోజ్ వాళ్ళ బిగినర్స్ గైడ్ చాలామందికి మొదటి పాఠ్యపుస్తకం, బొమ్మలతో సులువుగా ఉంటుంది. ఏహెచ్‌రెఫ్స్ బ్లాగులో సొంత డేటాతో చేసిన అధ్యయనాలు బాగుంటాయి, కానీ టూల్ అమ్మే కంపెనీ కాబట్టి టూల్ దగ్గరికే తీసుకెళ్తుందన్న ఎరుకతో చదవండి. ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమం కావాలంటే ఎస్‌ఈఓ నిపుణురాలు అలెయ్‌డా సోలిస్ తయారు చేసిన లెర్నింగ్ ఎస్‌ఈఓ సైట్ ఉంది. ఉచిత వ్యాసాలను అంశాల వారీగా ఒక దారిలో పేర్చారు.

కొంచెం ముదిరాక క్వాలిటీ రేటర్ గైడ్‌లైన్స్ తెరవండి. ఫలితాలు బాగున్నాయో లేదో పరిశీలించడానికి గూగుల్ పెట్టుకున్న మనుషుల కోసం రాసిన పత్రం అది, 170కి పైగా పేజీలు. వాళ్ళిచ్చే మార్కులతో ఏ సైట్ ర్యాంకూ నేరుగా మారదు. కానీ మంచి పేజీ అంటే గూగుల్ ఉద్దేశం ఏమిటో అందులో ఉన్నంత వివరంగా ఇంకెక్కడా లేదు.

## కోర్సులు, సర్టిఫికెట్లు, ఫీజులు

విశాఖో, అమీర్‌పేటో వెళ్ళి కోచింగ్ తీసుకోవాలా?

తీసుకోకపోయినా నేర్చుకోవచ్చు. మన పిల్లలకి ఫీజు ఒక్కటే కాదు, హాస్టల్, భోజనం, రైలు ఛార్జీలు కలిపి ఇంటి మీద పెద్ద బరువు పడుతుంది. ముందు ఇంట్లోనే ఉండి స్టార్టర్ గైడ్ చదివి, ఒక చిన్న సైట్ పెట్టి మూడు నాలుగు నెలలు నడపండి. అప్పటికి మీకు ఏం రాదో మీకే తెలుస్తుంది. అది నేర్పే చోటుకి వెళ్తే డబ్బు వృథా కాదు.

వెళ్ళాలనే అనుకుంటే సిలబస్ అడగండి. డైరెక్టరీ సబ్‌మిషన్, సోషల్ బుక్‌మార్కింగ్, ఆర్టికల్ సబ్‌మిషన్ అని పేజీలకు పేజీలు ఉంటే అది చాలా పాత సిలబస్. పాఠం చెప్పే మనిషి ఇప్పుడు ఏ సైట్ మీద పనిచేస్తున్నారో, దాని సెర్చ్ కన్సోల్ డెమో క్లాసులో చూపిస్తారో లేదో కనుక్కోండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడితో లేచి వచ్చేయండి.

"ఉద్యోగం గ్యారంటీ" అని పోస్టర్ వేశారు. కట్టేయనా?

ఆ మాట చూసి కట్టకండి. కోచింగ్ రంగంలో తప్పుదారి పట్టించే ప్రకటనలను ఆపడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగం ఖాయమనే అబద్ధపు హామీలు వాటికి విరుద్ధం. ఇప్పటికే కట్టి మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో డబ్బు వేయించుకుని మాయమైపోతే అది సైబర్ నేరం, ఎంత త్వరగా 1930కి చెప్తే అంత మంచిది. రసీదు, చాట్, పోస్టర్ ఫోటో దాచి ఉంచండి.

గూగుల్ ఇచ్చే ఎస్‌ఈఓ సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది?

ఎస్‌ఈఓ నిపుణుడని గూగుల్ ఎవరికీ ముద్ర వేయదు. తన శిక్షణ సైట్ స్కిల్‌షాప్‌లో యాడ్స్, అనలిటిక్స్ సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తుంది, అవి వేరే పనికి. 'గూగుల్ సర్టిఫైడ్ ఎస్‌ఈఓ ఎక్స్‌పర్ట్' అని ఎవరైనా బోర్డు పెట్టుకుంటే అదేమిటో చూపించమనండి. హబ్‌స్పాట్ అకాడమీ, సెమ్‌రష్ అకాడమీల్లో ఉచిత ఎస్‌ఈఓ కోర్సులు, సర్టిఫికెట్లు ఉన్నాయి. మొదటి రెజ్యూమెలో ఒక లైన్‌కి పనికొస్తాయి. పని ఇచ్చేవాళ్ళు ఎక్కువగా చూసేది మీరు నడిపిన సైట్‌నే.

పెయిడ్ టూల్స్ కొనకుండా కుదురుతుందా?

కుదురుతుంది. సెర్చ్ కన్సోల్, బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్, ఏ మాటని ఎంత వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్, పేజీ వేగం కొలిచే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఉచితం. సైట్ మొత్తం తిరిగి లోపాలు చూపించే స్క్రీమింగ్ ఫ్రాగ్ 500 యూఆర్‌ఎల్‌ల (పేజీ అడ్రసుల) దాకా ఉచితం, చిన్న సైట్‌కి అది చాలా ఎక్కువ. టెలిగ్రామ్‌లో చవగ్గా అమ్మే షేర్డ్ అకౌంట్ల జోలికి వెళ్ళొద్దు. మీ లాగిన్, మీ డేటా ఎవరి చేతిలో పడతాయో తెలియదు.

## మన ఊళ్ళు, మన భాషలు

మా షాపు సైట్ తెలుగులో పెట్టాలా, ఒడియాలోనా, ఇంగ్లీషులోనా?

దీనికి ఏ అమెరికా కోర్సూ జవాబు చెప్పదు, మనమే కనుక్కోవాలి. కొనేవాళ్ళు ఎలా వెతుకుతారో చూడండి. ఒకే బరంపురం పట్టు చీరని శ్రీకాకుళం ఆవిడ తెలుగులో అడుగుతుంది, భువనేశ్వర్ ఆవిడ ఒడియాలో అడుగుతుంది, ఇద్దరూ టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టే అవకాశం ఎక్కువ. షాపుకొచ్చిన కస్టమర్లని మాటల్లో పెట్టి ఫోన్‌లో ఎలా వెతికారో అడగండి, కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. గూగుల్ ట్రెండ్స్‌లో ఒడిశానీ, ఆంధ్రప్రదేశ్‌నీ విడివిడిగా పెట్టి చూడండి. చిన్న ఊళ్ళ మాటలకి అందులో డేటా రాకపోవచ్చు, అప్పుడు ఆ నోట్‌బుక్కే మీ టూల్.

జనం మాట్లాడే మాటలోనే రాయండి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పాటుపడింది పర్లాకిమిడిలో పాఠాలు చెప్తూనే కదా. 'వస్త్ర విక్రయశాల' అని ఎవరూ వెతకరు, 'చీరల షాపు' అని వెతుకుతారు.

ఒక్క హెచ్చరిక. మూడు భాషల్లో పెట్టాలని యంత్ర అనువాదం చేసి చూడకుండా వేసేయకండి. సరిగ్గా దిద్దిన ఒక్క భాష మేలు.

జయపురం అని వెతికితే రాజస్థాన్ జైపూర్ వస్తోంది. ఏం చేయాలి?

మన ఊరి పేర్లతో ఈ తిప్పలు ఉన్నవే. కొరాపుట్ జిల్లా జయపురానికి రాజస్థాన్ జైపూర్‌తో పోలిక, ఒడిశాలోనే జాజ్‌పూర్ ఇంకొకటి. బరంపురానికి బ్రహ్మపుర్ అనే పేరు కూడా ఉంది, పశ్చిమ బెంగాల్‌లో బహరంపూర్ వేరే ఉంది. యంత్రానికే కాదు, మనిషికీ తేడా తెలియాలి. టైటిల్‌లో, మొదటి పేరాలో ఊరి పేరు పక్కన జిల్లా, రాష్ట్రం రాయండి. చిరునామా పిన్ కోడ్‌తో సహా పేజీలో అక్షరాల్లో ఉండాలి, ఫోటోలో కాదు. దగ్గరి గుర్తులు రాయండి, బస్టాండ్, గుడి, మార్కెట్ ఏదైనా. పాత పేరూ కొత్త పేరూ రెండూ వాడుకలో ఉంటే వాక్యంలో సహజంగా రెండూ రానివ్వండి. అంతేగానీ పది స్పెల్లింగులు పేజీ కింద కుక్కకండి. అది స్పామ్ పాలసీల్లోని కీవర్డ్ స్టఫింగ్ కిందికి వస్తుంది.

డీటీపీ షాపులో టైప్ చేయించిన తెలుగు పేజీలో పెడితే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.

అది అను ఫాంట్స్‌లో కొట్టి ఉంటారు. ఆ పద్ధతిలో లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఫాంట్ వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంట్ లేని చోట అసలు రూపం బయటపడుతుంది, గూగుల్‌కి కనబడేది కూడా అదే. వెబ్‌లో యూనికోడ్ తెలుగే పెట్టాలి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, దీర్ఘాలు ఒకసారి చదివి సరిచూసుకోండి. పాత ఒడియా ఫాంట్లతోనూ ఇదే గొడవ. పాంప్లెట్ ఫోటో తీసి పెట్టేసి అదే పేజీ అనుకోవడం కూడా మానాలి.

రెండు భాషల్లో పేజీలు పెట్టాం. హెచ్‌రెఫ్‌లాంగ్‌లో ఒడియా కోడ్ ఏంటి?

హెచ్‌రెఫ్‌లాంగ్ అంటే పేజీ ఏ భాషలో ఉందో గూగుల్‌కి చెప్పే ట్యాగ్. అందులో ఒడియాకి ఓఆర్ (or). బళ్ళ నంబర్ ప్లేట్ మీద ఓడీ చూసి చాలామంది అదే రాసేస్తారు, అది రాష్ట్రానికి సంబంధించినది. తెలుగుకి టీఈ. ఇంకో ముఖ్యమైన సంగతి, తెలుగు పేజీ ఒడియా పేజీని చూపిస్తే ఒడియా పేజీ కూడా తిరిగి తెలుగు పేజీని చూపించాలి. ఒకవైపే రాస్తే గూగుల్ దాన్ని పట్టించుకోకపోవచ్చు.

మ్యాప్స్‌లో మా షాపు పైకి రావాలంటే ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ సహాయ పేజీలే చాలు. స్థానిక ఫలితాలకి మూడు ఆధారాలని వాళ్ళే చెప్తారు: వెతికినదానికి మీ షాపు సరిపోవడం, దూరం, పేరు ప్రఖ్యాతులు. దూరం మీ చేతిలో లేదు. సరైన కేటగిరీ, పని వేళలు, నిజమైన ఫోటోలు, కస్టమర్ల నిజమైన రివ్యూలు మీ చేతిలో ఉన్నాయి. రివ్యూలు కొనడం నిషేధం, దొరికితే ప్రొఫైల్‌కే ఎసరు.

## చేతులతో చేసి చూడటం

ప్రాక్టీస్‌కి సైట్ ఎక్కడి నుంచి తేవాలి?

చుట్టూ చూడండి. పట్టు చీరలు నేసే ఇల్లు, పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పనివాళ్ళు, 2024లో జీఐ గుర్తింపు వచ్చిన కొరాపుట్ కలజీరా బియ్యం అమ్మేవాళ్ళు, మీ వీధిలో ట్యూషన్ చెప్పే అక్క. వాళ్ళ గురించి ఇంటర్నెట్‌లో సరైన సమాచారం చాలా తక్కువ. బ్లాగర్‌లో ఉచితంగా మొదలుపెట్టొచ్చు, చేతిలో కాస్త డబ్బుంటే సొంత డొమైన్ తీసుకోండి. వాళ్ళ దగ్గర కూర్చుని, అడిగి, ఫోటోలు తీసి, అసలు కొమ్ముకీ ప్లాస్టిక్‌కీ తేడా ఎలా తెలుస్తుంది లాంటి ప్రశ్నకి పేజీ రాయండి. ఇంకెక్కడా దొరకని జవాబు మీ దగ్గరుంటే పోటీ చాలా తగ్గిపోతుంది. వాళ్ళ అనుమతి లేకుండా పేరు, ఫోన్ నంబర్ పెట్టకండి.

సెర్చ్ కన్సోల్ తెరిచా. ఇన్ని అంకెల్లో ఏం చూడాలి?

మొదట పెర్ఫార్మెన్స్ రిపోర్టులో క్వెరీలు చూడండి. జనం ఏ మాటలతో మీ పేజీ దాకా వచ్చారో అక్కడుంటుంది. ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనబడిన సార్లు) ఎక్కువ, క్లిక్కులు తక్కువ ఉన్న మాట కనబడితే మీ పేజీ కనబడుతోంది గానీ టైటిల్ చూసి ఎవరూ నొక్కట్లేదని అనుకోవచ్చు. మీరు ఊహించని మాటలు కనబడితే ఇంకా మంచిది, అవే మీ తర్వాతి పేజీలు.

ఏదైనా మార్చి చూడాలంటే ఒకసారికి ఒక్కటే మార్చండి, తేదీ రాసుకోండి, కొన్ని వారాలు ఆగండి. టైటిల్, ఫోటో, రాత అన్నీ ఒకేరోజు మారిస్తే దేనివల్ల పెరిగిందో ఎప్పటికీ తెలియదు. దసరాకి, పెళ్ళిళ్ళ సీజన్‌కి చీరల వెతుకులాట దానంతట అదే పెరుగుతుంది, దాన్ని మన గొప్పగా లెక్కేసుకోకూడదు. అందుకే నిరుటి అదే నెలతో పోల్చి చూడాలి. 16 నెలల డేటా ఉంటుంది కాబట్టి అది కుదురుతుంది. అదే సమయంలో గూగుల్ పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చిందేమో సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డులో చూడండి.

ఎన్నాళ్ళకి ఫలితం కనబడుతుంది?

మార్పులు చేసి లాభం కనబడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని, ఎస్‌ఈఓ మనిషిని పెట్టుకోవాలనుకునేవాళ్ళ కోసం రాసిన పేజీలో గూగుల్ చెప్తుంది. పోటీ లేని ఊరి మాటలకి ముందే కనబడొచ్చు.

చాట్‌జీపీటీని అడిగి నేర్చుకుంటే సరిపోదా?

అర్థం కాని పేరాని తెలుగులో విడమర్చి చెప్పించుకోవడానికి, మీకు మీరే పరీక్ష పెట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ అది ఇంటర్నెట్‌లోని పాత సలహానీ కొత్త సలహానీ కలిపి చదువుకున్నది, తప్పుని కూడా అంతే ధైర్యంగా చెప్తుంది. ప్రతి జవాబుకీ గూగుల్ పత్రంలో ఇది ఎక్కడుంది అని అడిగి, ఆ లింకు నిజంగా తెరిచి చదవండి. లింకు లేకపోతే ఆ మాట ఇంకా తేలనట్టే. దానితో వందల పేజీలు రాయించి సైట్ నింపే ఆలోచన మాత్రం వద్దు. ర్యాంకుల కోసమే గుట్టలుగా పేజీలు తయారు చేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ పాలసీలో చేర్చింది, మనిషి రాసినా యంత్రం రాసినా ఒకటే.

గూగుల్ పైనే ఏఐ జవాబు చెప్పేస్తోంది. ఇక ఎస్‌ఈఓ నేర్చుకుని లాభమా?

ఏఐ ఓవర్‌వ్యూలు మన దేశానికి 2024 ఆగస్టులో వచ్చాయి. ఒక్క ముక్కలో తేలిపోయే ప్రశ్నలకి జనం సైట్ దాకా రావాల్సిన పని తగ్గింది, అది నిజం. చీర కొనాలన్నా, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలన్నా, ఒక పనివాడిని నమ్మాలన్నా ఇంకా సైట్ చూస్తారు, ఫోన్ చేస్తారు. ఏఐ ఫలితాల కోసం ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు, మామూలు ఎస్‌ఈఓ పద్ధతులే చాలని గూగుల్ పత్రం చెప్తుంది. 'ఏఐలో మీ పేరు ఖాయం' అని కొత్త ప్యాకేజీలు అమ్మేవాళ్ళు బయల్దేరారు. ఆధారం ఏమిటో వాళ్ళనీ అడగండి.

## పని మొదలుపెట్టాక

క్లయింట్ "ఫస్ట్ ర్యాంక్ గ్యారంటీ ఇస్తావా" అంటున్నాడు. పక్కవాడు ఇస్తానన్నాడట.

ఇవ్వకండి. గూగుల్‌లో మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా రాసింది. ఆ పేజీనే తెరిచి క్లయింట్‌కి చూపించండి, ఇంగ్లీషు రాకపోతే హిందీలో చూపించండి. దాని బదులు మీ చేతిలో ఉన్న పనికి మాటివ్వండి. ఈ నెల ఈ పేజీలు సరిచేస్తాను, మ్యాప్స్ వివరాలు దిద్దుతాను, నెలాఖరున సెర్చ్ కన్సోల్ మీ ముందే తెరుస్తాను అని చెప్పండి. సైట్, డొమైన్, సెర్చ్ కన్సోల్ అన్నీ క్లయింట్ పేరు మీదే ఉండాలి. కొంతమంది పక్కవాడి దగ్గరికే వెళ్తారు, వెళ్ళనివ్వండి.

బ్యాక్‌లింకులు కొనొచ్చా? అందరూ కొంటున్నారుగా.

ర్యాంకు కోసం లింకులు కొనడం, అమ్మడం స్పామ్ పాలసీ ప్రకారం తప్పు. మీరు నష్టపోయినా పర్వాలేదనుకున్నా, క్లయింట్ షాపుని ఆ ప్రమాదంలోకి నెట్టే హక్కు మీకు లేదు. ఊళ్ళోని కాలేజీ, వర్తక సంఘం, పండగ కమిటీ, స్థానిక వార్తా సైట్, ఇలాంటివాళ్ళకి నిజంగా పనికొచ్చే సమాచారం ఇస్తే లింకు వాళ్ళే ఇస్తారు. మెల్లగా వస్తాయి, నిలబడతాయి.

అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి కదా, రోజూ ఎంతసేపు చదవాలి?

రోజూ అక్కర్లేదు. గూగుల్ సెర్చ్ సెంట్రల్ బ్లాగుని వారానికోసారి చూస్తే ముఖ్యమైనవేవీ తప్పిపోవు. 2003 నుంచి నడుస్తున్న సెర్చ్ ఇంజిన్ రౌండ్‌టేబుల్‌లో, సెర్చ్ ఇంజిన్ ల్యాండ్‌లో వార్తలు త్వరగా వస్తాయి, అసలు ప్రకటన లింకు కూడా ఇస్తారు. ఆ లింకు నొక్కి అసలు మాట చదవండి. కోర్ అప్‌డేట్ (ర్యాంకింగ్‌లో గూగుల్ చేసే పెద్ద మార్పు) నడుస్తున్నప్పుడు ర్యాంకులు ఊగుతుంటాయి. అది పూర్తయిందని గూగుల్ సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డులో కనబడ్డాక కనీసం ఒక వారం ఆగి, అప్‌డేట్‌కి ముందు వారంతో పోల్చి చూడమని గూగుల్ సలహా. అప్పటిదాకా కంగారుపడి పేజీలు తీసేయకండి, టైటిల్స్ మార్చకండి.